పొయ్యిగుండె మట్టి

"మావ్ పిన్ని కడుపులో మళ్లీ నిప్పు పోసింది ఈ ఇల్లే. ఈ బల్ల చుట్టూ కూర్చుని గంజి తాగుతున్న మనమే. ఇంకెవరి మీదా తోయడానికి లేదు."

సుమెయ్ ఆ మాట అని రెండు పింగాణీ గిన్నెలు బల్ల మీద పెట్టింది. చప్పుడు కాకుండా పెట్టింది. చప్పుడైతే వదినకు తిట్టడానికి సందు దొరికేది.

రెండు గిన్నెల్లోనూ మట్టే. మెత్తగా దంచి జల్లించిన ఎర్రమట్టి. చూపుకి రెండూ ఒకటే.

"పొద్దున్నే బల్ల మీద మట్టి పెట్టావు. మధ్యాహ్నానికి ఏం వడ్డిస్తావు, బూడిదా?" అంది వదిన చిన్‌ఫెంగ్.

అన్న వెన్‌బిన్ తల ఎత్తలేదు. ఎంత గొడవైనా ముందు గంజి చల్లారనిచ్చి, తాగి, మూతి తుడుచుకుని అప్పుడు నోరు విప్పే మనిషి. అమ్మ పొయ్యి ముందు కూర్చుని పైన్ చెక్కలు ఎగదోస్తోంది. నాన్న హాన్‌చింగ్ ఒక్కడే గిన్నెల వంక చూశాడు. డెబ్బైతొమ్మిదేళ్లొచ్చినా వీపు తలుపు చెక్కలా నిటారుగా ఉంటుంది. జాంగ్‌షు మందుల బజారులో లువో వారి బాణలి అంటే ఆయన బాణలే. ఇప్పుడు ఆ బాణలి ముందు నిలబడేది సుమెయ్. భర్త పోయాక పుట్టింటికి తిరిగొచ్చి, ఆడదానికి బాణలి ఏమిటన్న వాళ్లందరి ముందూ తొమ్మిదేళ్లుగా మందుదుంపలు వేపుతోంది. నలభై నాలుగేళ్ల మనిషి. మణికట్టు మీద వాతలే ఆమె గాజులు.

నిన్న సాయంత్రం జరిగింది ఆమె వరసగా చెప్పింది.

మావ్ పిన్ని వీధి మలుపులో బియ్యప్పిండి సేమ్యా అమ్ముకుంటుంది. పదకొండేళ్లుగా ఆమె కడుపు ఆమె మాట వినడం లేదు. పిడికెడు అన్నం తిన్నా రాయి మింగినట్టు ఉండేది. రోజుకి నాలుగుసార్లు పరుగెత్తేది. పెద్దాసుపత్రిలో రెండుసార్లు గొట్టం వేసి చూశారు, పాత వాపు అన్నారు, మాత్రలిచ్చారు. మాత్రలున్నన్నాళ్లు బాగుండేది. మానేస్తే మళ్లీ మొదలు. చివరికి షెన్ డాక్టరమ్మ నాడి చూసి, నాలుక చూసి కషాయం రాసింది. అందులో పెద్దపీట తెల్లదుంపది. ఉత్త దుంప కాదు, పొయ్యిగుండె మట్టిలో వేపిన దుంప. ఆ వేపుడు ఈ ఇంటిదే కావాలని చీటీ మీద రాసి మరీ పంపింది.

ఎనిమిది నెలలు పిన్ని మనిషిలా తిన్నది. శరత్పున్నమి పండుగ దాటాక మళ్లీ మొదలైంది, ముందుకన్నా ఎక్కువగా.

డాక్టరమ్మ నాడి కూడా పట్టుకోకుండా ముందు ఆసుపత్రికి తరిమింది. లోపల రక్తం కారుతుంటే నా దగ్గర కూర్చుని ఏం లాభం, గొట్టం వేయించుకుని రా అంది. రక్తం లేదు, పాత వాపే లేచింది అని ఆసుపత్రి వాళ్లు కాగితమిచ్చారు. అప్పుడు డాక్టరమ్మ మిగిలిన పొట్లాలు బల్ల మీద విప్పింది. ఒక్కో ముక్కా తీసి వాసన చూసింది. మళ్లీ అదే కాగితంలో చుట్టి, అదే దారం కట్టి, పిన్ని చేతికే ఇచ్చి సుమెయ్ దగ్గరకు పంపింది.

"ఏమని చెప్పి పంపిందో తెలుసా?" అంది సుమెయ్. "ఈ మట్టి వల్లే కడుపు చెడిందని నేను ప్రమాణం చేయను. కానీ ఇది నేను రాసిన మందు కాదని మాత్రం ప్రమాణం చేస్తాను. అదీ ఆమె మాట."

ఆ ఇంటికి పొట్లం వెనక్కి రావడం అదే మొదటిసారి. సుమెయ్ పుట్టాక ఎప్పుడూ రాలేదు. ఆమె పుట్టకముందూ రాలేదని నాన్న పదిమందిలో చెప్పుకునేవాడు.

వదిన ఊరుకోలేదు. పిన్ని మిరపనూనె సంగతి ఎత్తింది. అడుగు మందాన మిరపనూనె పోసి అమ్మే మనిషి, తాను నాకకుండా ఉంటుందా, కడుపు మండితే మన మట్టిదా తప్పు అంది. జాంగ్‌షులో కారం మానమంటే ఊరు వదిలి పొమ్మన్నట్టే, కనక ఆ మాటకు బలం లేకపోలేదు. కానీ సుమెయ్‌కి జవాబు తెలుసు. మందు మొదలుపెట్టిన నాటి నుంచీ పిన్ని తన కుండ తాను రుచి చూడటం లేదు. ముందొచ్చిన గిరాకీ చేతిలో చెంచా పెట్టి, "ఉప్పు సరిపోయిందా నాయనా, కారం తగిలిందా" అని అడిగి, వాళ్ల మొహం చూసి కుండ దించుతోంది. వీధిలో అందరికీ అది వేళాకోళం. తన వంట తాను తినని మనిషి తన మందు విషయంలో అబద్ధమాడుతుందా?

వదిన గంజి కలుపుకుంది.

ఆ తర్వాత మాట వెన్‌బిన్ మీదికి వెళ్లింది. సుమెయ్ తెల్లవారుజామునే మొదటి బస్సెక్కి నది ఎగువ పల్లెకి వెళ్లొచ్చింది. పండుగ ముందు నాలుగు బస్తాల పొయ్యిమట్టి ఏ ఇంటి నుంచి వచ్చిందో ఆ ఇంటికే వెళ్లింది. పాత ఇల్లు పడగొట్టి కొత్తది కట్టుకుంటున్నారు. ఇంటావిడ మంచిదే, టీ ఇచ్చింది, వేరుశనగలు పెట్టింది. మాటల్లో మాటగా ఆమే చెప్పేసింది. మొగుడికి నడుం విరిగాక కట్టెలు కొట్టేవాళ్లు లేరట. ఎనిమిదేళ్లుగా ఆ పొయ్యిలో చిల్లుల బొగ్గుబిళ్లలే కాల్చారట.

రాక్షసిబొగ్గు.

అమ్మ చేతిలో పైన్ చెక్క ఆగిపోయింది.

ఇక్కడ ఒక మాట సూటిగా చెప్పుకోవాలి. కట్టే గడ్డీ తప్ప ఇంకోటి ఎరగని పొయ్యి ఇరవై ఏళ్లు మండితే, మంట నేరుగా తగిలే నడిమి మట్టి రాయిలా గట్టిపడి ఎర్రబడుతుంది. అదే పొయ్యిగుండె. పొయ్యి పగలగొడితేనే అది చేతికొస్తుంది. పైమసి గీకి, గుండె ఒక్కటే తీసి, దంచి, జల్లించి బాణలిలో వేడిచేస్తే కాసేపటికి నీళ్లలా కదులుతుంది. అప్పుడు తెల్లదుంప ముక్కలు అందులో పోసి, చెయ్యి ఆపకుండా తిప్పి, ముక్క ముక్కకీ మట్టి పొడరులా అంటాక తీసి జల్లించాలి. బొగ్గు కాల్చిన పొయ్యిమట్టి ఈ పనికి రాదు. బజారులో పసిపిల్లకి కూడా తెలిసిన సంగతి ఇది. కానీ వేపిన దుంప కొనే మందుల కంపెనీకి ఏం తెలుసు? అది కేజీల్లో కొంటుంది, వాసనలో కొనదు. పొగ వస్తోందని పల్లెపల్లెకీ కాగితాలు పంపి పొయ్యిలు తీయించిన ఆఫీసు బాబుల్లో ఒక్కడు, ఒక్కడంటే ఒక్కడు, ఆ పొయ్యిల గుండెలు ఎవరికి కావాలని అడిగాడా? అడగలేదు. ఇవాళ మంచి పొయ్యిమట్టి దొరకడం గగనం. చేతిలో పని ఉన్నవాళ్లు మట్టి కోసం ఊళ్లు తిరుగుతున్నారు.

అయితే ఆ కోపం అడ్డం పెట్టుకుని తన ఇంటిని వదిలేసే మనిషి కాదు సుమెయ్.

"అన్నయ్యా, బస్తాలు తెచ్చింది నువ్వు. బొగ్గు పొయ్యి అని తెలిసే తెచ్చావా, తెలియక తెచ్చావా? అదొక్కటి చెప్పు."

వెన్‌బిన్ గంజి ముగించాడు. మూతి తుడుచుకున్నాడు.

"నేను బండి తోలాను," అన్నాడు. "మట్టి చూసింది నాన్న."

ఆ ఇంట్లో ఈ మాటకు మించిన మాట లేదు. మట్టి చూడటమంటే ఊరికే చూడటం కాదు. లువో ఇంట్లో తరానికి ఒకే ముక్కు. ఒక పెద్ద చిటికెడు మట్టి అరచేతిలో నలిపి, వాసన చూసి, నాలుక కొనకి తాకించి తలూపుతాడు. తలూపాడంటే ఇక ఆ మట్టి గురించి బాణలి దగ్గరివాళ్లు నోరెత్తరు. చెయ్యి చేతి పని చేస్తుంది, ముక్కు ముక్కు పని చేస్తుంది. నాన్నకి ఆ ముక్కు ఇరవై ఆరేళ్లకే ఇచ్చారు. ఆయన కళ్లు మూసుకుని ఇది పైన్ కాల్చిన పొయ్యి, ఇది వరిగడ్డి కాల్చిన పొయ్యి, ఈ ఇంట్లో పందికి కుడితి కూడా ఇదే పొయ్యి మీద కాచారు అని చెబుతుంటే వినడానికి బయటి ఊళ్ల నుంచి వచ్చేవాళ్లు.

అందుకే సుమెయ్ అన్నని నమ్మలేదు. నాన్న తలూపింది వేరే మట్టికి అయ్యుంటుంది, దారిలో అన్న మార్చి ఉంటాడు అనుకుంది. పైకి అనేసింది కూడా. వెన్‌బిన్ మొహం మొదటిసారి ఎర్రబడింది. యాభై ఏళ్లు వచ్చాక చెల్లెలి చేత దొంగనిపించుకోవాల్సి వచ్చిందని గొణిగాడు.

"గొణగొద్దు. నాన్నే చెబుతాడు." ఆమె రెండు గిన్నెలూ నాన్న ముందుకు జరిపింది. "నాన్నా, ఒకటి పాత జాడీలో మిగిలిన మంచి మట్టి. ఇంకోటి ఈ బస్తాల్లోది. బొగ్గుది ఏదో అన్నయ్యకి చూపించు."

ఆమె మనసులో మాయ లేదు. నాన్న ముక్కుతో అన్న నోరు మూయించాలనుకుంది, అంతే.

నాన్న చొక్కా చేతులు మడిచాడు. ఎప్పటిలాగే. ఎడమ గిన్నెలో చిటికెడు తీసి నలిపాడు, ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. కుడి గిన్నెలోదీ అలాగే చూశాడు. మళ్లీ ఎడమది. ఆయన రెండోసారి చూడటం సుమెయ్ ఎన్నడూ ఎరగదు. నాలుక కొనకి తాకించాడు. కళ్లు మూసుకున్నాడు.

పొయ్యిలో చెక్క చిటపటలాడింది.

"ఇది మంచిది," అన్నాడు కుడి గిన్నె మీద వేలు పెట్టి. "కల్తీ లేని పైన్ మట్టి. ముప్పై ఏళ్లకు తక్కువుండదు."

కుడి గిన్నెలోది బస్తాల మట్టి.

వదిన నోటిదాకా ఏదో మాట వచ్చింది, సుమెయ్‌కి కనిపించింది, కానీ ఆమె దాన్ని మింగేసింది. అదీ ఆ క్షణం బరువు. చిన్‌ఫెంగ్ మాట మింగడం ఆ ఇంట్లో ఎవరూ చూసి ఉండలేదు.

నాన్న అందరి మొహాలూ వరసగా చూశాడు. ఆయన తెలివితక్కువవాడు కాదు. వేలు గిన్నె మీద నుంచి తీయలేదు.

"పోయిన చలికాలం నుంచీ," అంది అమ్మ వెనక నుంచి. "ఆ జ్వరం తగ్గాక. నా అన్నం అడుగంటి మాడిపోతుంటే పొయ్యి పక్కనే కూర్చుని పేపరు చదువుకున్నాడు. అప్పుడే తెలిసింది నాకు."

"తెలిసీ చెప్పలేదా అమ్మా?"

"ఆయన అడగలేదు, నేను చెప్పలేదు. మీ నాన్నకి ముక్కు పోయిందని నా నోటితో ఎలా అననే?"

వీళ్ల మీద కోపం తెచ్చుకోవడం తేలిక. ఈ కథ చెప్పే నేను మాత్రం తెచ్చుకోను. ఒక మనిషి యాభై మూడేళ్లు ఒక్క పనిని ఒక్కసారి కూడా తప్పకుండా చేస్తే, ఆ పని అతని ఒంట్లో ఎముకవుతుంది. ఎముక విరిగినా నడుస్తూనే ఉంటాడు.

నాన్న గొంతు సవరించుకున్నాడు. బతిమాలలేదు, సాకు వెతకలేదు.

"ఈ కాలపు మట్టికే వాసన తగ్గిందనుకున్నాను," అన్నాడు. "నాకు తగ్గిందనుకోలేదు."

సుమెయ్‌కి ఏడుపు రాలేదు. అంతకన్నా పాడుది వచ్చింది. పండుగ తర్వాత ఆ మట్టితో వేపిన మొదటి బాణలి గుర్తొచ్చింది. మట్టి వేడెక్కి కదలగానే ఒక చేదు వాసన, ఆరిపోయిన అగ్గిపుల్లలాంటిది, గొంతు వెనక తగిలింది. చెయ్యి ఒక్క క్షణం ఆగింది. తలెత్తి నాన్నని చూసింది. ఆయన తలూపాడు. కొత్త మట్టి వాసనలే అని సర్దిచెప్పుకుని తెల్లదుంప పోసింది. ఆ పూట పోసింది, మర్నాడు పోసింది, నెలన్నర పోసింది.

అది బల్ల ముందు అందరికీ చెప్పేసింది. "నా ముక్కు నాకు చెప్పింది. నేను వినలేదు. అన్నయ్యా, నిన్ను దొంగన్నాను. ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాను. దొంగ ఎవరూ లేరు. నోరు మూసుకున్నవాళ్లం ముగ్గురం ఉన్నాం, నాన్నా, అమ్మా, నేనూ."

వెన్‌బిన్ చెల్లెలి గిన్నెలో గంజి పోసి ఆమె ముందుకు జరిపాడు. ఆ ఇంట్లో క్షమాపణకి అదే జవాబు.

తర్వాత వదిన తన పద్ధతిలో దారి చూపించింది. బస్తాలు నదిలో పారబోద్దాం, ఇవాళ్టి నుంచి తవుడులో వేపిన దుంపే అమ్ముదాం, అమ్మినది అమ్మేశాం, మావ్ పిన్నికి రెండు నెలల మందు ఉచితంగా ఇద్దాం, ఇంటి గుట్టు ఇంట్లో ఉంటుంది అంది. మామయ్య పేరు బజారున పడేయడం కూతురి లక్షణం కాదని చివర్లో ఒక పోటు పొడిచింది. వెన్‌బిన్ సగం తలూపాడు. ఎల్లుండి కంపెనీ వాళ్లు సరుకు చూడటానికి వస్తున్నారు. వాళ్లు రంగు చూస్తారు, తూకం చూస్తారు, తీసుకుపోతారు.

"పిన్ని ఒక్కతేనా వదినా?" అంది సుమెయ్. "నెలన్నరలో మన గుమ్మంలో పొట్లం కొన్నవాళ్లు ఎంతమంది? ఎవరి కడుపు ఎలా ఉందో నీకు తెలుసా, నాకు తెలుసా? ఏళ్ల తరబడి అన్నం చూస్తే భయపడేవాళ్లు వాళ్లు. మన బోర్డు చూసి తాగుతున్నారు. అనుమానం లేకుండా, కళ్లు మూసుకుని తాగుతున్నారు."

తవుడులో వేపడం వేరు, మట్టిలో వేపడం వేరు అని కూడా చెప్పింది. డాక్టరమ్మ మట్టి రాస్తే మట్టే పెట్టాలి. మట్టి లేకపోతే లేదని చెప్పాలి. పాత జాడీలో ఇక నాలుగు బాణళ్లకు సరిపడా కూడా లేదు.

"మరి మట్టి ఎక్కడి నుంచి తెస్తావు?" అంది వదిన.

అప్పుడు అమ్మ లేచింది. చేతులు నడుముకి కట్టుకున్న గుడ్డకి తుడుచుకుని, ఇంతసేపూ తాను కూర్చున్న చోటు చూపించింది.

యాభై ఒక్క ఏళ్ల క్రితం కొత్త కోడలిగా వచ్చి ఆమె వెలిగించిన పొయ్యి అది. ఆ రోజు నుంచి అందులో పైన్ కట్టె, వరిగడ్డి, తేయాకు కొమ్మలు తప్ప ఇంకోటి పడలేదు. కట్టెలు దొరకని రోజుల్లో వీధి వీధంతా బొగ్గుకి మారితే ఆమె గంపెత్తుకుని కొండకి నడిచింది. కడుపుతో ఉన్నప్పుడూ నడిచింది. పిచ్చిదన్నారు. గ్యాసు పొయ్యి పెట్టించుకుందామని పన్నెండేళ్లుగా కోడలు సాధిస్తోంది, వినలేదు. పొయ్యి పైన గోడకి పొయ్యిదేవుడి బొమ్మ ఉంది. మసికి దాని మొహం నల్లబడి, కళ్లు మాత్రమే మిగిలి ఉన్నాయి.

"మీ నాన్న బజారులో ముక్కు పెట్టి మట్టి చూస్తే జనం చేతులు కట్టుకుని నిలబడేవాళ్లు," అంది అమ్మ. "నా పొయ్యిని ఎవరూ చూడలేదు. ఇప్పుడు చూడండి. జాంగ్‌షు మొత్తం మీద ఇలాంటి గుండె ఇంకోటి ఉంటే తెచ్చి చూపించండి."

విచిత్రమేమంటే, ముందు వద్దన్నది వదినే. పొయ్యి పగిలిందంటే కాపురం చీలిందని వీధి అర్థం. అన్నదమ్ములు వేరుపడినప్పుడే అక్కడ పొయ్యి పగులుతుంది. అత్తమామలుండగా కోడలు పొయ్యి పగలగొట్టించిందని రేపు నా మొహాన ఉమ్మేస్తారు అంది. గ్యాసు పొయ్యి మాట ఎత్తలేదు.

నాన్న లేచి నిలబడ్డాడు. బల్ల మీద ఉన్నవన్నీ ఆయన ఎత్తు ముందు చిన్నబోయాయి.

"నేను బతికుండగా ఈ ఇంట్లో పొయ్యి పగలదు."

సుమెయ్ నోరు తెరిచింది. అమ్మ చెయ్యెత్తి ఆపింది. పెరట్లోకి వెళ్లి గునపం తెచ్చింది. డెబ్బై మూడేళ్ల మనిషి, రెండు చేతులా ఈడ్చుకుంటూ వచ్చి, నాన్న కుర్చీకి ఆనించింది. వెనక్కి వెళ్లి పొయ్యిలో మండుతున్న చెక్కలు పట్టకారుతో ఒక్కొక్కటే బయటికి తీసి నీళ్లలో ముంచింది. చుయ్యిమని పొగ లేచింది. యాభై ఒక్క ఏళ్లలో పొద్దుపూట ఆ పొయ్యి ఆరడం అదే మొదలు.

నాన్న ఆ పొగలో నిలబడి ఉన్నాడు. పొగ వాసన ఆయనకి తెలియడం లేదని ఇప్పుడు అందరికీ తెలుసు.

"ముసలాయనా," అంది అమ్మ. "నీ ముక్కు పోతే పోయింది. నీ మాట పోలేదు. మొదటి దెబ్బ నువ్వే వెయ్యి. గుండె బయటికొచ్చాక వాసన సుమెయ్ చూస్తుంది, నువ్వు పక్కన నిలబడి, ఇక మట్టి చూసేది నా కూతురని వీధి వినేలా చెప్పు. ఆ తర్వాత కాగితం తీసుకుని నీ చేత్తో రాయి. పండుగ తర్వాత మా గుమ్మంలో పొట్లం కొన్నవాళ్లంతా వెనక్కి తెచ్చివ్వండి, తప్పు నాది అని. కింద ఇంటి పేరు కాదు, నీ పేరు పెట్టు. బోర్డు కింద అంటించు. మావ్ పిన్ని పదింటికి దుకాణం తెరుస్తుంది. ఆమె కుండ దించేలోపు అది గోడ మీద ఉండాలి. నిప్పు ఆర్పేశాను. గునపం అందుకో."